ఆ రెండు ప్రశ్నల్నీ ఒకే గాటన కట్టకండి

విజయవాడ, గుంటూరు జూనియర్ కాలేజీల్లో బైపీసీ పిల్లలకు బోటనీ, జువాలజీ చెప్పే లెక్చరర్లకు,

నమస్కారం.

నేను మీలో ఒకదాన్నే. గుంటూరులో కొన్నేళ్లు, విజయవాడలో ఎక్కువేళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మీలో కొందరు నా క్లాసులో వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్లే అయ్యుండొచ్చు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం, పరిణామం పాఠంలో మనం కలిపేసే రెండు ప్రశ్నల గురించి: ప్రాణం మొదట ఎలా పుట్టింది, ఇప్పుడున్న ప్రాణులన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా.

మా పై వాటాలో అద్దెకున్నవాళ్ల అబ్బాయి నీట్‌కి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటున్నాడు. మొదట్లో ఆంటీ అనేవాడు, జువాలజీ లెక్చరర్నని తెలిశాక మేడమ్ అయ్యాను. మొన్నొక రాత్రి పదింటికి, నేను తలుపు గడియ పెట్టబోతుంటే మెట్లు దిగి వచ్చాడు. చేతిలో మెటీరియల్, చెవి మీద పెన్ను.

"మేడమ్, మిల్లర్ ప్రయోగంలో 800 డిగ్రీల సెంటీగ్రేడ్ అని ఉంది. అంత వేడిలో అమినో ఆమ్లాలు మాడి మసైపోవా?"

నాకు నోట మాట రాలేదు. నీట్ బ్యాచ్‌లకు చెప్పినన్నేళ్లూ ఆ 800ని బోర్డు మీద రాసి, చుట్టూ ఎర్ర చాక్‌పీసుతో గుండ్రంగా గీసి, "ఇది బిట్టు, మర్చిపోవద్దు" అన్నదాన్ని నేనే. పుస్తకంలో అలా ఉంది, నేనూ అలాగే చెప్పాను. ఈ కుర్రాడికి వచ్చిన అనుమానం అన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా రాలేదు.

మర్నాడు తీరిగ్గా కూర్చుని చూసుకున్నాను. తొలినాటి భూమి గాలిలో మెరుపులు మెరిస్తే ప్రాణానికి కావాల్సిన సరుకు పుడుతుందా అని చూసిన ప్రయోగమది. 1953లో షికాగో యూనివర్సిటీలో హెరాల్డ్ యూరీ దగ్గర పరిశోధన చేస్తున్న స్టాన్లీ మిల్లర్‌కి అప్పుడు ఇరవై మూడేళ్లు. మన పై వాటా అబ్బాయి కంటే ఓ నాలుగైదేళ్లు పెద్ద, అంతే. కింద ఒక గాజు ఫ్లాస్కులో నీళ్లు మరుగుతుంటాయి. ఆవిరి గొట్టంలోంచి పైనున్న పెద్ద ఫ్లాస్కులోకి పోతుంది. అందులో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య నిప్పురవ్వలు. ఆవిరి చల్లబడి మళ్లీ కిందికి చేరుతుంది. నీళ్లు మరగడానికి 100 డిగ్రీలు చాలు. ఫ్లాస్కు మొత్తాన్ని 800 డిగ్రీలకు కాచిన మాటే లేదు. మొదటి రోజు దాటేసరికి నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. వారానికి ముదురు ఎరుపెక్కి మడ్డిగా అయ్యాయి. ఆ ఎర్ర నీళ్లలో గ్లైసిన్, అలనిన్ అనే అమినో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లు కట్టే ఇటుకలు, కనిపించాయి.

ఈ గులాబీ రంగు సంగతి నేను ఏ బ్యాచ్‌కీ చెప్పలేదు. 800 మాత్రం అందరికీ చెప్పాను.

"మరి ఎగ్జామ్‌లో ఏం పెట్టాలి మేడమ్?" అన్నాడు. "800 పెట్టు నాయనా, మార్కులు పోగొట్టుకోకు. హాల్లోంచి బయటికొచ్చాక మర్చిపో" అన్నాను. ఒక లెక్చరర్ నోట రావాల్సిన మాట కాదని తెలుసు. వేరే దారి కనపడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పరిణామం పాఠాన్ని మనం ఎలా చెబుతామో మనకు తెలుసు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇన్‌చార్జి గారు స్టాఫ్ రూమ్ గుమ్మంలోనే నిలబడి, "మేడమ్, అది రెండు క్లాసుల్లో లేపేయండి, వీకెండ్ టెస్టుంది, మిగతాది సెల్ఫ్ స్టడీ" అన్నారు. లేపేశాను. మొదటి క్లాసులో ఒపారిన్, హాల్డేన్, మిల్లర్. రెండో క్లాసులో డార్విన్, హార్డీ వైన్‌బర్గ్, చివరి పది నిమిషాల్లో మనిషి. నీట్‌లో జీవశాస్త్రం 90 ప్రశ్నల్లో ఈ పాఠం నుంచి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేవే కాబట్టి ఎవరూ నన్ను తప్పుపట్టలేదు.

ఆ రెండు క్లాసులు విన్న పిల్లకి చివరికి మిగిలేది ఇది: చెరువులో పిడుగు పడింది, ప్రాణం పుట్టింది, చేపయింది, కోతయింది, మనిషయ్యాడు. అంతా ఒకే దండలో గుచ్చిన కథ. ఆ పిల్ల ఇంటికెళ్లాక వాళ్ల మామయ్య, "పిడుగుపడితే ప్రాణం పుట్టడం ఎవరు చూశారే?" అంటే జవాబుండదు. దాంతో దండ మొత్తం తెగిపోతుంది. మొదటి పూస మీద అనుమానం వచ్చిందని చివరి పూస దాకా అన్నీ రాలిపోతాయి.

నేను అడిగేది ఒక్కటే. అవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ప్రాణం మొట్టమొదట ఎలా పుట్టింది అనేది ఒకటి. ఇప్పుడున్న ప్రాణులన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా అనేది రెండోది. మొదటిదానికి జవాబు ఇంకా తేలలేదు. రెండోదానికి తేలిపోయింది. దయచేసి వాటిని ఒకే గాటన కట్టకండి.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఇక మీ తర్వాత ఎవరూ లేరు. 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో "అనువంశికత, పరిణామం" పాఠం ఉత్త "అనువంశికత"గా మిగిలింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు అభ్యంతరం చెబుతూ అప్పట్లో లేఖ రాశారు. ఆ పుస్తకంతో పది పూర్తిచేసి ఎంపీసీలో చేరిన పిల్లలకి పరిణామం అనే మాట ఇక పాఠంగా వినపడదు. మన ఊళ్లలో ఎంపీసీ సెక్షన్లు ఎన్నో, బైపీసీవి ఎన్నో మీకు చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్లు మీ ముందున్నవాళ్లే.

మొదటి ప్రశ్న దగ్గర మనకి భయం. "తెలియదు" అంటే క్లాసులో పరువు పోతుందని. నిజానికి ఈ పాఠంలో పిల్లలు చెవులు నిక్కబొడుచుకుని వినేది అక్కడే.

హాల్డేన్ సంగతే చూడండి. మన పిల్లలకు ఆయన ఒపారిన్ పక్కన అడ్డగీత తర్వాత వచ్చే పేరు. ఒపారిన్ 1924లో రష్యన్‌లో రాశాడు, అది తెలియకుండానే 1929లో ఇంగ్లండ్‌లో హాల్డేన్ దాదాపు అదే మాట రాశాడు. తొలినాటి సముద్రం పలచని వేడి సూప్‌లా ఉండేదని. మనమైతే చారు అనేవాళ్లం. ఆ హాల్డేన్ 1957లో ఇండియా వచ్చేశాడు, 1961లో ఈ దేశ పౌరుడయ్యాడు, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకి ఇవ్వాలని రాసి పెట్టాడు. ఇచ్చింది ఎక్కడికనుకుంటున్నారు? కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. మన బెజవాడ స్టేషన్లో రైలెక్కితే నాలుగు గంటల దూరం. ఎంబీబీఎస్ సీటు కోసం రాత్రింబవళ్లు చదివే పిల్లలకి ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి, ఆ అడ్డగీత పక్కన పేరు ఇక మర్చిపోరు.

ఆ చారు కథలో చిక్కులున్నాయి, వాటినీ దాచొద్దు. తొలినాటి గాలిలో మిల్లర్ అనుకున్నంత మీథేన్, అమ్మోనియా ఉండకపోవచ్చని, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఎక్కువ ఉండి ఉంటాయని తర్వాత భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పారు. అంటే మిల్లర్ ప్రయోగం కొట్టిపారేయాల్సిందేనా? కాదు. మిల్లర్ పోయాక ఆయన దాచిన పాత సీసాల్ని ఆయన శిష్యుడు జెఫ్రీ బాడా బృందం కొత్త పరికరాలతో మళ్లీ పరీక్షించింది. అగ్నిపర్వతం ఆవిరిలాంటి ఏర్పాటుతో చేసిన ఒక ప్రయోగం సీసాల్లో 22 అమినో ఆమ్లాలు బయటపడ్డాయని 2008లో ప్రకటించారు. యాభై ఏళ్లకు పైగా అట్టపెట్టెల్లో పడున్న సీసాలవి! 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో 70కి పైగా అమినో ఆమ్లాలు దొరికాయి. 2023లో బెన్నూ అనే గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టిలో, మన ప్రోటీన్లలో ఉండే 20 అమినో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏల్లో అక్షరాల్లా ఉండే అయిదు క్షారాలూ ఉన్నాయని 2025 జనవరిలో చెప్పారు. సరుకు దొరకడం కష్టం కాదని దీంతో తేలిపోయింది. వంట ఎలా అయిందన్నదే తేలలేదు.

అక్కడ ఎవరి వాదం వాళ్లకుంది. కొందరు నేల మీది వేడి గుంటలంటారు, కొందరు సముద్రం అడుగున వేడినీళ్లు చిమ్మే చిమ్నీలంటారు. ముందు ఆర్ఎన్ఏ వచ్చిందని ఎక్కువమంది మొగ్గు, ఎందుకంటే అది సమాచారాన్ని మోయగలదు, ఎంజైములా పని కూడా చేయగలదు. థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ వచ్చింది ఈ రెండో గుణం కనిపెట్టినందుకే. మన ఒంట్లో ప్రోటీన్లు తయారుచేసే ప్రతి రైబోసోమ్‌లో అమినో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించే చోట ఉన్నది ప్రోటీన్ కాదు, ఆర్ఎన్ఏ. ఆ రైబోసోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ ఒకరు. అయినా మొదటి ఆర్ఎన్ఏ తనంతట తాను ఎలా కూడిందో, దాని చుట్టూ పొర ఎలా ఏర్పడిందో ఇంకా ఎవరూ తేల్చలేదు. ఈ మాట పిల్లలతో అనండి. "ఇది మీలో ఎవరైనా తేల్చాలి" అని చేర్చండి కావాలంటే. నేను అలా అన్నది సర్వీసు మొత్తంలో ఒకటో రెండో సార్లు, అదీ ఇన్‌చార్జి గారు రౌండ్స్‌లో లేనప్పుడు.

రెండో ప్రశ్న దగ్గర మాత్రం నసగొద్దు.

నా ఫ్రిజ్ తలుపులో పచ్చిమిర్చి కవరు పక్కన ఇన్సులిన్ పెన్ను ఉంటుంది. పదేళ్లుగా షుగరు. ఒకప్పుడు ఇన్సులిన్ పందుల, ఆవుల క్లోమం నుంచి తీసేవారు. మన ఇన్సులిన్‌లో 51 అమినో ఆమ్లాలుంటే పందిదానికీ మనదానికీ తేడా ఒక్కటి, ఆవుదానికి మూడు. 1978లో మనిషి ఇన్సులిన్ జన్యువుని ల్యాబులో అక్షరం అక్షరం కూర్చి ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టారు. అది మారుమాట్లాడకుండా మనిషి ఇన్సులిన్ తయారుచేసింది. 1982 నుంచి మందుల షాపుల్లో దొరుకుతోంది. ఇప్పుడు ఈ.కోలైతోనో ఈస్టుతోనో చేస్తున్నారు. పేగులో బతికే ఒక సూక్ష్మజీవి మన జన్యువుని తప్పులేకుండా ఎలా చదివింది? దానికీ మనకీ లిపి ఒకటే కాబట్టి. ఆర్ఎన్ఏలో యూయూయూ అనే మాటకి ఫినైల్ అలనిన్ అనే అమినో ఆమ్లం అని అర్థమని 1961లో నిరెన్‌బర్గ్, మథాయి బ్యాక్టీరియా రసంలో తేల్చారు. మనిషిలోనూ అంతే, మర్రిచెట్టులోనూ అంతే.

యూయూయూ అంటే ఫినైల్ అలనినే కావాలని రసాయన శాస్త్రంలో శాసనమేమీ లేదు. ఇక్కడ నేను భాష ఉదాహరణ చెప్పేదాన్ని. తెలుగులో కన్ను, తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు, గోండీలో కన్. ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో ఖన్. కంటికీ ఆ శబ్దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఇన్నిచోట్ల ఒకే మాట ఉందంటే అవన్నీ ఒక తల్లిభాష పిల్లలని అర్థం. ఈ కుటుంబం సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసులో పనిచేసిన ఎల్లిస్ దొర మొదట అచ్చులో చూపించింది 1816లో, అదీ ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. డార్విన్ పుస్తకం ఇంకో 43 ఏళ్లకి గానీ రాలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. "తెలుగు తమిళం నుంచి పుట్టింది" అని ఎవరైనా అంటే మన క్లాసులో ముప్పై చేతులు లేస్తాయి, "కాదు మేడమ్, రెండూ ఒకే పాత భాష నుంచి విడిపోయాయి" అని. సరిగ్గా చెప్పారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారైతే తెలుగుని తమిళం కొమ్మలో కాకుండా గోండీ, కువిలతో పాటు ఇంకో కొమ్మలో పెట్టారు. "మనిషి కోతి నుంచి పుట్టాడు" అన్నది కూడా అలాంటి తప్పే. చింపాంజీ మన తాత కాదు, దాయాది. ఈ పోలిక చెప్పిన ఏడాది "మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి మేడమ్?" అన్న ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. తమిళం ఇంకా ఎందుకుందని ఎవరూ అడగరు కదా.

జన్యులిపిలో చిన్న చిన్న మినహాయింపులు ఉన్నాయి, తెలివైన పిల్ల అడుగుతుంది. మన మైటోకాండ్రియాలో యూజీఏ అంటే ఆగమని కాదు, ట్రిప్టోఫాన్ అని. శ్రీకాకుళం యాసలో కొన్ని మాటలు మనకు వేరుగా వినిపించినట్టే. యాస వేరైనంత మాత్రాన భాష వేరు కాదు.

కన్ను అన్నాను కాబట్టి, 1995లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గేరింగ్ బృందం చేసిన పని కూడా చెప్పండి. ఎలుకలో కన్ను ఏర్పడడాన్ని మొదలుపెట్టే జన్యువుని ఈగ పిల్లలో కాలి దగ్గర పనిచేయించారు. కాలి మీద కన్ను మొలిచింది. ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. "ఇక్కడ కన్ను కట్టు" అన్న ఆజ్ఞ ఇద్దరికీ ఒకటే, కట్టే పద్ధతి ఎవరిది వాళ్లది.

ఏటీపీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కణానికి శక్తినిచ్చే ఈ పదార్థం బ్యాక్టీరియా నుంచి మన దాకా అందరిలో ఉంది. 1929లో దాన్ని కనిపెట్టినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి. జర్మనీలో లోమన్ విడిగా కనిపెట్టాడు. మన మెటీరియల్లో ఏటీపీ రెస్పిరేషన్ పాఠంలో ఉంటుంది, సుబ్బారావు గారు జీకేలో ఉంటారు. ఇద్దర్నీ పరిణామం పాఠంలోకి తెచ్చేవాళ్లు లేరు.

ఈ ఉమ్మడి మూలానికి పుస్తకాల్లో లూకా అని పేరు. పిల్లలు దాన్ని మొదటి ప్రాణి అనుకుంటారు. కాదు. మా ఊళ్లో ఒకే ఇంటిపేరువాళ్లు అరవై గడపలున్నారు, అందరూ ఒకే ముత్తాత సంతానమని చెప్పుకుంటారు. అంటే ఆ ముత్తాత కాలంలో ఊళ్లో ఇంకెవరూ లేరని కాదు, ఆయనకి తల్లిదండ్రులు లేరనీ కాదు. మిగతావాళ్ల వంశాలు ఆగిపోయాయి, ఈయనది నిలిచింది. లూకా కూడా అంతే. దానికి ముందు ఎన్ని తరాలు గడిచాయో, దాని పక్కన ఎవరెవరు బతికారో. 2024లో వచ్చిన ఒక లెక్క దాన్ని సుమారు 420 కోట్ల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది. భూమి వయసే 454 కోట్లు. ఆ లెక్క రేపు అటూ ఇటూ జరగొచ్చు. రాళ్లలో గట్టిగా కనపడే ఆనవాళ్లు ఆస్ట్రేలియాలో సుమారు 350 కోట్ల ఏళ్లనాటి స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేర్చిన రాళ్లు. అంత పాతవి కాకపోయినా మనకీ ఉన్నాయి: కడప జిల్లా వేంపల్లె రాళ్లలో, తుమ్మలపల్లె యురేనియం గని ఉన్న ఆ పొరల్లోనే, 180 కోట్ల ఏళ్లకు పైబడినవి. ఎక్స్‌కర్షన్ అంటే మనకి వాటర్ పార్కులే. ఒక ఫొటో అయినా చూపించొచ్చు.

అన్నిటికంటే నాకు బాగా కుదిరిన పాఠం మిరపకాయతో చెప్పింది. మాది ప్రత్తిపాడు వైపు. మా నాన్న ఒక చెక్కలో పొగాకు, ఇంకో చెక్కలో మిరప వేసేవారు. నారు పీకే రోజుల్లో కూలీలు గట్టు మీద చుట్ట కాల్చుకుని వస్తే, "చేతులు కడుక్కునిగానీ మిరపనారు ముట్టుకోకండి" అని కేకలేసేవారు. ఎందుకు నాన్నా అంటే, "రెండూ ఒక జాతివే. పొగాకు జబ్బు మిరపకి అంటుకుంటుంది" అనేవారు. ఆయన చదివింది అయిదో తరగతి. ఎమ్మెస్సీలో టొబాకో మొజాయిక్ వైరస్ చదువుతూ, అది పొగాకుతో పాటు మిరప, టమాటాలకి కూడా సోకుతుందని, ఎండిన ఆకులో కూడా బతికుండి చేతులతో అంటుకుంటుందని తెలిసినప్పుడు నేను హాస్టల్ గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పొలాల నుంచి నాలుగు పూలు తెమ్మనండి. మిరప పువ్వు చిన్న తెల్ల నక్షత్రం. వంకాయది ఊదా. టమాటాది పసుపు. పొగాకుది గులాబీ గొట్టం. రంగు వేరు, సైజు వేరు, ప్రతిదానికీ కలిసిపోయిన అయిదు రేకులు. మిరపకి 24 క్రోమోజోములు, టమాటాకి 24, వంగకి 24. పొగాకుకి 48, అది రెండు అడవి జాతులు కలిసి రెట్టింపైంది. మిర్చి యార్డుకీ పొగాకు బోర్డుకీ పేరుపడ్డ ఊరు గుంటూరు, ఆ రెండు పంటలూ అప్పచెల్లెళ్లు. పైగా రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల కాలంలో ఓడెక్కి వచ్చినవే. వంగ ఒక్కటే మన వైపుది. అంటే కోట్ల ఏళ్ల కింద విడిపోయిన చుట్టాలు మన పొలాల్లో మళ్లీ కలుసుకున్నారన్న మాట.

ఇక మిర్చి యార్డు పక్కనుంచి సీజన్లో ఆటోలో వెళ్లినవాళ్లకి తెలుసు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా దగ్గు ఆగదు. మా అమ్మ మాత్రం వసారాలో రామచిలక్కి పండు మిరపకాయ ఇచ్చేది, అది కాలితో పట్టుకుని తొక్క ఒలిచి గింజలు హాయిగా తినేది. (అప్పట్లో చిలకని పంజరంలో పెట్టడం నేరమని మాకు తెలియదు.) దానికి కారం ఎందుకు తగలదు? మన నాలుక మీద కారాన్ని పట్టే గ్రాహకం టీఆర్‌పీవీ1. అసలు దాని పని వేడిని పట్టడం, అందుకే కారం మనకి మంటగా అనిపిస్తుంది. డేవిడ్ జూలియస్ 1997లో దాన్ని కనిపెట్టాడు, 2021లో నోబెల్ వచ్చింది. అదే గ్రాహకం కోడిలోనూ ఉందని, వేడికి స్పందిస్తుంది గానీ మిరప ఘాటుకి స్పందించదని 2002లో తేల్చారు. పక్షులకీ మనకీ ఉమ్మడి పూర్వీకుడు దాదాపు 32 కోట్ల ఏళ్ల కిందటివాడు. ఆయన ఇచ్చిన జన్యువు ఇద్దరి దగ్గరా ఉంది, మన వైపు కొన్ని అక్షరాలు మారాయి, వాళ్ల వైపు వేరేవి మారాయి. మిరపకి అది కలిసొచ్చింది. దంతాలున్న జంతువు గింజని నమిలి పాడుచేస్తుంది, పక్షి మింగి దూరంగా రెట్ట వేస్తుంది. ఈ పాఠం చెప్పిన రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినవాళ్లకి ఇంకోటి. వరసగా మూడు పేపర్లలో జవాబు సరిగ్గా ఉంటే అనుమానం రాదు. మూడింట్లోనూ ఒకే పదం ఒకేలా తప్పుగా ఉంటే వెంటనే పట్టేస్తాం. మేకకి ఉసిరికాయ అక్కర్లేదు, విటమిన్ సి తనే చేసుకుంటుంది. ఆ జన్యువు మనలో చెడిపోయి ఉంది. చింపాంజీలోనూ కోతుల్లోనూ ఒకేలా చెడిపోయింది. గినీ పందిలో కూడా చెడిపోయింది గానీ అక్కడ తప్పు వేరు, అంటే వాడు వేరే హాల్లో రాశాడు.

నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. ఒకసారి క్లాసులో ఒకమ్మాయి లేచి, "మేడమ్, మత్స్య, కూర్మ, వరాహ, నరసింహ, వామన... ఇదే కదా డార్విన్ చెప్పింది?" అంది. నేను వెటకారంగా ఏదో అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి ఆ ఏడాదంతా మళ్లీ నోరు తెరవలేదు. ఇప్పుడైతే బోర్డు మీద రెండు బొమ్మలు గీసేదాన్ని. అవతారాలది మెట్ల వరస, ఒకటి అయ్యాక ఒకటి. డార్విన్ 1837లో నోటు పుస్తకంలో గీసుకున్నది కొమ్మలు చీలే చెట్టు, అందులో చేప వైపు కొమ్మ కూడా ఈరోజుకీ చిగురిస్తూనే ఉంది. పురాణానికి దాని గౌరవం దానికుంది, సైన్సు ముద్ర వేయించుకోవాల్సిన అవసరం దానికి లేదు. ఈ మాట నవ్వకుండా చెబితే ఆ పిల్ల రెండో ప్రశ్న అడిగేది.

టైమెక్కడుంది అంటారు. తెలుసు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లున్న ఊళ్లోనే నేనూ చెప్పాను. నాలుగు క్లాసులు అడుగుతున్నాను, రెండు ఎక్కువ. ఒకటి మొదటి ప్రశ్నకి, మూడు రెండోదానికి. బిట్లు ఎలాగూ మెటీరియల్లో ఉన్నాయి, పిల్లలు చదువుకుంటారు. పుస్తకంలో తప్పు కనిపిస్తే చెప్పి, పరీక్షలో మాత్రం పుస్తకంలోదే రాయమనండి. యాజమాన్యం అడిగితే రివిజన్ అని చెప్పండి, అబద్ధమేమీ కాదు. ఈ పాఠం సరిగ్గా చెబితే జెనెటిక్స్, ప్లాంట్ ఫ్యామిలీలు, కంపారిటివ్ అనాటమీ అన్నీ రివిజనే.

మొన్న మళ్లీ వచ్చాడు పై వాటా అబ్బాయి. మిరప కథ, మా నాన్న కథ విన్నాడు. పెన్ను చెవి మీద నుంచి తీసి, "అంతా బానే ఉంది మేడమ్. మరి ఆ మొజాయిక్ వైరస్ ఈ వంశవృక్షంలో ఎక్కడుంటుంది? దానికి రైబోసోమ్ కూడా లేదు కదా" అన్నాడు. కణాల కంటే ముందునుంచే ఉన్నాయని కొందరు, కణాల నుంచి తప్పించుకున్న జన్యు ముక్కలని కొందరు, ఒకప్పటి కణాలే చిక్కిపోయి ఇలా అయ్యాయని ఇంకొందరు అంటారని చెప్పాను. "అంటే తెలియదా మేడమ్?" అన్నాడు. తెలియదన్నాను. ఆదివారం గ్రాండ్ టెస్ట్ అయ్యాక మళ్లీ వస్తానని పైకి వెళ్లాడు. మీలో ఎవరైనా దీని మీద ఈ మధ్య వచ్చినవి చదివి ఉంటే ఆ లోపు నాకు చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
సత్యనారాయణపురం, విజయవాడ